ఇడ్లీపాత్ర మూత

ఆదోనిలో ఇప్పుడు ప్రతి ఇంటి గోడకూ బాక్టీరియా సిద్ధబీజాల తెర ఉంది. తడి తగిలితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఆ కదలికతోనే ఇంటికి కరెంటు. ఆ తెరలు బిగించిన కంపెనీయే సుంకమ్మ వాళ్ళ వీధిని ఖాళీ చెయ్యమంది. చెయ్యబోమని సుంకమ్మా ఇరుగుపొరుగులూ మొండికేసేసరికి, కంపెనీ ఆఫీసరు సాయంత్రం వచ్చి తెరలకు నీళ్ళిచ్చే గొట్టాలు పీకించాడు.

"బీజాలు ఎండి నిద్రపోతాయి. చీకట్లో మీరే దారికొస్తారు," అన్నాడు.

సుంకమ్మ ఉడుకుతున్న ఇడ్లీపాత్రను తెర కింద పెట్టి మూత తీసింది. ఆవిరి తగలగానే బల్బు వెలిగింది.

"తెర కంపెనీది!" అరిచాడాయన.

"తెర నీదేలేప్పా, ఇడ్లీ మాది. ఆవిరి రాకుండా ఆపు, సూస్తాం." వీధిలోకి కేకేసింది: "మూతలు తీయండమ్మో!"

వీధి పొడుగునా మూతలు మోగాయి, ఇంటింటా బల్బులు వెలిగాయి. ఆఫీసరు మసకబారిన కళ్ళద్దాలు తుడుచుకుంటుంటే సుంకమ్మ ప్లేటు అందించింది.

"తినిపో నాయనా. రేపటికీ పప్పు నానేసినాం."