నాలుగో మనిషి

"ముగ్గురం దిగం. ససేమిరా దిగం" అన్నాడు గోపాలరావు.

"ఒక్క సెల్ఫీ నాన్నా. అర నిమిషం పని" అంది హైందవి ఫోన్ పైకెత్తి.

"ముగ్గురు ఫొటో దిగితే మధ్యలోవాళ్ళకి ప్రాణగండం. మధ్యలో ఎవరున్నారో చూశావా? మీ అమ్మ!"

ఆదివారం కావడంతో అబిడ్స్‌లో చాలా దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి. వాటి ముందు పాత పుస్తకాలు పరుచుకుని ఉన్నాయి. పోస్టాఫీసు ఎదుట తండ్రీకూతుళ్ళు వాదించుకుంటున్నారు. ఇద్దరి మధ్యా ఎర్రంచు పట్టుచీరలో కోటేశ్వరమ్మ నవ్వుతోంది. ఎవరి పక్షమూ వహించలేదు.

పెళ్ళిరోజు దాటాక వచ్చే మొదటి ఆదివారం నాంపల్లి నుంచి ఇక్కడికి వచ్చి ఫొటో దిగడం ఆ ఇంటి ఆచారం. హైందవి పుట్టి ముగ్గురయ్యాక చిక్కొచ్చి పడింది. గోపాలరావు దానికో విరుగుడు కనిపెట్టాడు. దారిన పోయే ఎవరినో ఒకరిని బతిమాలి పక్కన నిలబెట్టుకోవడమే ఆ విరుగుడు. అలా వాళ్ళ ఆల్బమ్ నిండా ముక్కూమొహం తెలియనివాళ్ళు చేరారు. పుల్లఐసు అమ్మే ఆయన, ట్రాఫిక్ కానిస్టేబులు, ఒక కాలికే కొత్త చెప్పుతో బేరం మధ్యలో లేచి వచ్చిన ఆవిడ. "ఈయన మీకేమవుతాడు?" అని చుట్టాలడిగితే, "మా నాలుగో మనిషి" అనేవాడు గోపాలరావు గర్వంగా. ఆ ఇంట్లో జ్ఞాపకాలన్నీ వాళ్ళ పేరు మీదే ఉంటాయి. పుల్లఐసు ఏడాది హైందవికి ఆటలమ్మ పోసింది. చెప్పులావిడ ఏడాది ఫ్రిజ్ కొన్నారు.

"పోయినేడాది వానలో ఎవరూ దొరకలేదు. నీ మాట విని ముగ్గురం దిగాం. ఏమైంది మరి?" అన్నాడు గోపాలరావు.

"అది గుండె జబ్బు నాన్నా. ఫొటో జబ్బు కాదు."

"గుండె మాత్రం ఎక్కడుంటుంది? మధ్యలోనే కదా!"

గోపాలరావుకి ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది. పోయినేడాది కూతురి మాటకి మెత్తబడ్డాడు. ఇంకోసారి మెత్తబడేది లేదు.

"పోనీ, నువ్వు మధ్యలో నిలబడు" అంది హైందవి.

"మీ అమ్మ ఊరుకుంటుందా?"

"అయితే అదిగో, ఆ చీరల షాపు అద్దాల్లో బొమ్మ ఉంది. దాని పక్కన నిలబడదాం. నలుగురవుతాం."

"బుద్ధుందా నీకు? ప్రాణం లేనిదాన్ని మనిషి లెక్కలో వేస్తారా ఎవరైనా?"

హైందవి తల్లి వైపు చూసింది.

గోపాలరావు వేట మొదలుపెట్టాడు. పుస్తకాలు తిరగేస్తున్న కుర్రాడు ఫొటో అనగానే చెయ్యి చాపాడు.

"ఇయ్యున్రి అంకుల్, నేను తీస్త."

"తియ్యడం కాదు బాబూ, దిగాలి. మా ఆవిడ పక్కన."

కుర్రాడు కోటేశ్వరమ్మను చూశాడు. "నా బస్సొచ్చింది అంకుల్" అని రోడ్డు దాటేశాడు. ఆ దరిదాపుల్లో బస్సేదీ లేదు.

తర్వాత ఒక జంట దొరికింది. భర్త ముందుకొచ్చాడు. భార్య చొక్కా పట్టుకుని వెనక్కి గుంజింది.

"ఏంది, మనకున్న గండాలు సాలవా? మందివి గూడ నెత్తినేసుకుంటవా?"

"తీసేవాళ్ళు ఊరంతా ఉన్నారు, దిగేవాళ్ళే లేరు" అని నిట్టూర్చాడు గోపాలరావు.

"నాన్నా, అమ్మ మొహం మీద ఎండ పడుతోంది. నీడలోకి రా."

నీడలోకి జరుగుతుండగా, చర్చి నుంచి వస్తూ తెల్లచీరలో, చేతిలో బైబిలుతో ఒకావిడ ఎదురైంది. గోపాలరావు అడ్డంగా నిలబడి చేతులు జోడించాడు.

"అమ్మా, మాతో ఒక ఫొటో దిగుతారా?"

"నేనెందుకన్నా మీ ఫొటోల?"

ముగ్గురి గండం గురించి చెప్పాడు. పుల్లఐసు ఆయన్నుంచి మొదలుపెట్టి పోయినేడాది వాన దాకా చెప్పుకొచ్చాడు. ఆవిడకు నవ్వొచ్చింది. అంతలో కోటేశ్వరమ్మను చూసింది. తర్వాత గోపాలరావు మొహంలోకి చూసింది. నవ్వు ఆపుకుంది.

"మా దాంట్ల గివన్ని పట్టించుకోం. గని మీరేం ఫికర్ జెయ్యకున్రి, నిలబడ్త. ఏ పక్కకు రావాలె?"

"మా ఆవిడ పక్కకి. తమరి పేరు?"

"జిప్పోరా."

"జిప్పోరా గారి ఏడాది" అని గొణుక్కున్నాడు గోపాలరావు, మరిచిపోకుండా.

జిప్పోరా కొంగు సర్దుకుని కోటేశ్వరమ్మ పక్కన నిలబడింది. "వదిన మొఖం మస్తు కళగుంది."

"ఎప్పుడూ అంతే" అన్నాడు గోపాలరావు సంబరంగా. భార్యను రెండు చేతులా దగ్గరికి పొదువుకున్నాడు.

"అంత గట్టిగా వద్దు నాన్నా."

"పడిపోతేనో?"

మనుషుల్ని వేలితో లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నలుగురిలో నట్టనడుమ ఎవరూ ఉండరు. గండానికి ఎవరి మీద పడాలో తెలియదు. చాలాకాలానికి ఆయన భుజాలు తేలికపడ్డాయి. హైందవి చెయ్యి చాచి ఫోన్ నొక్కింది.

"వచ్చామా అందరం?"

"అందరం వచ్చాం."

జిప్పోరా వెళుతూ వెళుతూ ఆగి, హైందవి చెయ్యి ఒకసారి నొక్కి, కళ్ళు తుడుచుకుంటూ బస్టాపు వైపు నడిచింది. అంత మాత్రానికే కళ్ళనీళ్ళెందుకో గోపాలరావుకి అర్థం కాలేదు.

"చూశావా? ఇంకో ఏడాది దాకా నీ ప్రాణానికి ఢోకా లేదు" అన్నాడు భార్యతో.

హైందవి అమ్మ పటాన్ని తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది.