బోర్డు మీద కోతి

బోర్డు మీద గీసిన కోతి బొమ్మను చెరపొద్దని, స్కూలు కమిటీ ప్రెసిడెంటు బుచ్చిరాజు గారు స్వయంగా చూడ్డానికి బయల్దేరారని కబురొచ్చేసరికి, సైన్సు మాస్టారు ఇస్సాకు చేతిలో డస్టరు చేతిలోనే ఉండిపోయింది.

పొద్దున్న పదో తరగతికి జీవపరిణామం పాఠం మొదలుపెట్టాడతను. బోర్డు అడుగున కోతిలాంటి జీవిని ఒకదాన్ని గీసి, దాన్నుంచి పైకి కొమ్మల్లా గీతలు లాగాడు. ఒక కొమ్మ చివర కోతి, ఇంకో కొమ్మ చివర మనిషి. కిందున్నది కోతి కాదర్రా, కోతికీ మనిషికీ కూడా మూలపురుషుడు అని గొంతు చించుకున్నాడు. ఎవరు విన్నారు? మధ్యాహ్నం అన్నాలకి ఇళ్లకు పోయిన పిల్లలు మనం కోతికి పుట్టేమట అన్న ముక్కొక్కటే మోసుకుపోయారు. బుచ్చిరాజు గారి మనవడైతే తాతగారి పక్కన కూర్చుని, పప్పులో నెయ్యి వేయించుకుంటూ మరీ చెప్పాడు.

బుచ్చిరాజు గారికి కోపం వస్తే గొంతు పెరగదు, అండీలు పెరుగుతాయి. కిందటేడు లెక్కల మాస్టారితో ఎంతో మన్ననగా, మాటకో అండీ చొప్పున మాట్లాడారు. నెల తిరక్కుండా ఆ మాస్టారు మారేడుమిల్లి అడవుల్లో తేలాడు.

ఇస్సాకు అదే తలుచుకుంటున్నాడు. భార్య హన్నాకు నెలలు నిండాయి. వాళ్ల కాపురమూ, ఆమె పుట్టిల్లూ ఊరికి ఎడంగా ఉన్న పేటలోనే, పిలిస్తే పలికే దూరంలో తల్లి, మంత్రసాని. మారేడుమిల్లిలో మలేరియా ఉందని అందరికీ తెలుసు, మంత్రసాని ఉందో లేదో ఎవరికీ తెలీదు.

హెడ్మాస్టరు జగన్మోహనరావు గారు పంచె కుచ్చిళ్లు పట్టుకుని వచ్చిపడ్డారు.

"దశావతారాలు ఎత్తుకోండి మాస్టారూ. ముందు చేప, తరవాత తాబేలు, ఆ తరవాత వరాహం. అదీ పరిణామమే కదండీ. ఆయన కాదనలేరు."

"నేను చర్చికెళ్లేవాణ్ణండి."

"అయితే అవతారాలు నేను చెప్తాను. మీరు తలూపండి."

ఈలోగా బుచ్చిరాజు గారు రానే వచ్చారు. పిల్లలంతా లేచి నిలబడ్డారు. ఆయన ఎవరినీ పలకరించలేదు. తిన్నగా బోర్డు దగ్గరికి వెళ్లి, కళ్లజోడు పెట్టుకుని, గొడుగు మొనతో అడుగునుంచి ఒక్కో గీతా పట్టుకుని పైదాకా వెళ్లి, మళ్లీ కిందికి దిగారు. హెడ్మాస్టరు గారు అవతారాలు అందుకుని తాబేలు దాకా వచ్చారు. ఇస్సాకు అప్పటికే తలూపుతున్నాడు.

"తెలుసండి. మా ఇంట్లోనూ భాగవతం ఉందండి. రోజూ చదువుతానండి," అన్నారు బుచ్చిరాజు గారు.

అండీలు మూడు పడ్డాయి. ఇస్సాకుకు అడవి కళ్ల ముందు కనబడింది. ఇష్టపడి చదువుకున్న పాఠం, ఇష్టపడి గీసిన బొమ్మ. అయినా హన్నా ముఖం గుర్తొచ్చి ఒక అడుగు ముందుకేశాడు.

"తమకి కష్టంగా ఉంటే ఈ పాఠం వదిలేస్తానండి."

"వదిలేత్తే ఎలాగండీ? పరీక్షలో అడుగుతారు కదా. మావోణ్ణి కాకినాడలో డాక్టరీ చదివిద్దామని ఉందండి."

హెడ్మాస్టరు గారు కొంచెం ధైర్యం తెచ్చుకుని, పోనీ పాఠం ఉంచి ఆ కోతి బొమ్మ వరకూ తీసేయిద్దామన్నారు.

"ఎందుకండీ తీసెయ్యడం? కోతంటే ఆంజనేయస్వామి అంశ. ఆ వంశంలో పుట్టేమంటే మా నాన్నగారైతే పొంగిపోయేవోరు."

ఇస్సాకు, హెడ్మాస్టరు గారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దేవుడి గొడవ కాదు, పాఠం గొడవ కాదు, చివరికి కోతి గొడవ కూడా కాదు. మరి ఇంత ఎండలో, భోజనం మధ్యలో చెయ్యి కడుక్కుని ఈ పెద్దమనిషి ఎందుకొచ్చినట్టు?

"మరి తమ అభ్యంతరం ఏంటండి?" అన్నాడు ఇస్సాకు, ఉండబట్టలేక.

బుచ్చిరాజు గారు పిల్లలకు వినబడకుండా దగ్గరికి జరిగారు. గొడుగు మొన బోర్డు అడుగున ఉన్న జీవి మీద ఆనించారు.

"అంతా బాగుందండి. కాపోతే మా వీధికీ మీ పేటకీ కలిపి ఒక్క కోతినే గీసేరు. మాకోటి విడిగా గీయండి మాస్టారూ, బోర్డు చాలకపోతే ఇంకో బోర్డు నేను చేయించి పంపుతానండి."