ఆయిల్ ముల్లు

కొండదారి దిగి, కొట్టు ముందు కారు ఆపేసరికి ఆయిల్ ప్రెషర్ ముల్లు సున్నాకి జారిపోయింది.

పళ్ళ డాక్టరు గుండె కూడా దాంతోపాటే జారింది.

అది ఆమె నాన్న కారు. ఒకప్పుడు పందేల్లో పరుగెత్తిన జాతి. ఆయన పోయాక, ఆదివారం పొద్దున్నే దాన్ని బయటికి తీయడం ఆమెకు అలవాటైంది. వారమంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించే మనిషికి, ఆదివారం నోరు విప్పి మాట్లాడటానికి ఎవరూ లేరు. కారైతే కనీసం చప్పుడు చేస్తుంది.

"ఒక్క క్షణం ఇంజిన్ ఆపకమ్మా," అంటూ బస్టాపు బల్ల మీంచి ఒక ముసలాయన లేచి వచ్చాడు.

ఆమె మొహం ముడుచుకుంది. ఈ కారు కనబడితే చాలు, బెల్లం చుట్టూ ఈగల్లా మూగుతారు.

"ఇది అమ్మేది కాదండీ."

"అమ్మొద్దు." ఆయన కిటికీలోంచి మీటరు కేసి తొంగి చూశాడు. "కాస్త రేజ్ ఇచ్చి ముల్లు చూడు."

ఇచ్చింది. ఇంజిన్ అరిచింది గానీ ముల్లు కదల్లేదు. లోపలెక్కడో టకటకమని చప్పుడు మొదలైంది.

"ఇక ఆపెయ్. మళ్ళీ తిప్పకు."

ఆయన బానెట్ ఎత్తించాడు. నూనె కొలిచే పుల్ల లాగి, తన రుమాలుతో తుడిచి, మళ్ళీ ముంచి చూశాడు.

"పాత ఇంజిన్ కదమ్మా. వేడెక్కితే నూనె పలచబడి అరిగిన సందుల్లోంచి జారిపోతుంది. ఊరికే నిలబడ్డప్పుడు ముల్లు కాస్త పడితే భయం లేదు. రేజ్ ఇస్తే మాత్రం లేవాలి. ఇక్కడ నూనె నిండుగా ఉంది, అయినా పైకి ఎక్కట్లేదు."

"మెల్లిగా ఇంటిదాకా పోనిస్తాను లెండి."

"వద్దు తల్లీ. లోపల తడి ఆరిందంటే ఇంజిన్ పట్టేస్తుంది." బానెట్ దించుతూ అడిగాడు. "బండి ఎవరిది?"

"మా నాన్నది."

"ఆయన రాలేదా?"

"పోయారు. మొన్న చలికాలంలో."

ముసలాయన అరచెయ్యి కారు టాపు మీద ఆనింది. చాలాసేపు తీయలేదు. రంగు మీద గీతలు పడతాయేమోనని ఆమె ఆ చేతినే చూస్తూ నిలబడింది.

తర్వాత ఆయన కొట్టులోకి వెళ్ళాడు. గోడ మీద రాసున్న మెకానిక్ నంబరు చూసి, కొట్టువాడి ఫోనులోంచి మాట్లాడి వచ్చాడు.

"బండి కట్టుకుపోవడానికి మనిషి వస్తున్నాడు. అందాకా ఆ పక్క సీట్లో కూర్చోనా అమ్మా?"

"సామాను ఉందండీ," అంది.

సీటు ఖాళీగానే ఉంది. ఆయన అటు చూసి, బండి పక్కనే ఎండలో నిలబడ్డాడు.

"ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

ముక్కూ మొహం తెలియని మనిషికి ఒంటరిదాన్నని చెప్పడమా?

"ఇంటి నిండా మనుషులే. అన్నదమ్ములతో కలిసి అందరం ఒక్కచోటే ఉంటాం."

నిజానికి ఆ గడప తొక్కిన చుట్టమే లేడు. 'మనకెవరూ లేరే, మనకి మనమే' అనేవాడు నాన్న. అంతకుమించి అడిగితే లేచి కారు తుడుచుకునేవాడు.

ముసలాయన నూనె అంటిన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మంచిదమ్మా. అన్నదమ్ములు కలిసుంటే అంతకన్నా ఏం కావాలి."

మెకానిక్ బండి మలుపులో కనిపించింది. దాని వెనకే బస్సూ వచ్చింది.

"ఇదే నా బస్సు. తిరిగిన చోట్లన్నీ ఓసారి చూసుకుపోదామని వచ్చాను. ఇక ఇటు వచ్చే ఓపిక లేదు. జాగ్రత్త తల్లీ."

థాంక్స్ చెప్పాలని ఆమెకు తోచేసరికి బస్సు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి షెడ్డులో మెకానిక్ ఇంజిన్ అడుగుభాగం విప్పి చూపించాడు.

"నూనె పీల్చే చోట జల్లెడ మూసుకుపోయిందమ్మా. ఇంకాస్త దూరం తోలుంటే ఇంజిన్ చేతికొచ్చేది కాదు. టైముకి ఆపారు."

"నేను కాదు. ఎవరో పెద్దాయన ఆపించాడు. పాపం, పేరైనా అడగలేదు."

మెకానిక్ చేతులు తుడుచుకోవడం ఆపి ఆమెకేసి వింతగా చూశాడు.

"పేరడగడమేంటమ్మా, 'మా అన్నయ్య కూతురు బండి ఆగింది, తొందరగా రా' అని ఫోన్ చేసింది ఆయనే కదా."