ఫట్‌ఫటి దొర

పోలయ్య గుడిసె ఇంకా రెండు ఫర్లాంగులు ఉందనగానే నిత్యానందం ఇంజను ఆపేసి, మోటారు సైకిలును తోసుకుంటూ నడవసాగాడు. ఫట్‌ఫట్‌మనే చప్పుడు విని ఎవరైనా బయటికి వచ్చి దండం పెడతారేమోనని భయం. ఈసారి నెత్తిన టోపీ లేదు, దుమ్ము పడకుండా పెట్టుకునే నల్లద్దాలు లేవు, ఖాకీ కోటు లేదు. మామూలు పంచె, చొక్కా. చొక్కా జేబులో మాత్రం నెల్లాళ్లుగా అతన్ని నిద్రపోనివ్వని అర్జీ ఉంది.

ఆ బండి జర్మనీ యుద్ధం నాటిది. రైలు పనులకు వచ్చిన ఇంజనీరెవరో గిద్దలూరులో వదిలేసి పోతే ఇరవై ఏళ్లు కోళ్లగూడుగా పడి ఉంది. నిత్యానందం దాన్ని మార్కాపురం తెచ్చి, తండ్రి తిడుతున్నా వినకుండా, దుకాణం అరుగు మీద రెండేళ్లపాటు విప్పాడు, బిగించాడు. తెగిన బెల్టు బదులు తోలుతో కొత్తది కుట్టించాడు. దొరకని మరలు కమ్మరి చేత చేయించాడు. సంతకు వచ్చిన కొండ పక్క జనం బేరాలు మానుకుని చుట్టూ మూగేవాళ్లు. అతను తలెత్తి ఒక్కరి మొహమైనా చూసిన పాపాన పోలేదు.

తీరా బండి కదిలాక ఆదివారం వస్తే చాలు, దోర్నాల రోడ్డెక్కేవాడు. మొదటి వారమే అడవి గేటు దగ్గర గార్డు ఆ వేషం చూసి తెల్లదొరే అనుకుని సలాం కొట్టి అడ్డకర్ర ఎత్తాడు. నేను దొరను కానయ్యా అంటే సరిపోయేది. అనలేదు సరికదా, మరుసటి ఆదివారం ఆ సలాం కోసమే వెళ్లాడు.

మూడో ఆదివారం గేటు ముందు ఒక ముసలాయన రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. రెండు చేతులా కాగితం పట్టుకుని, ఊరంతా వినబడేటట్టు అరిచాడు.

"దొరగారూ, నా మేకల్ని బందెలదొడ్డిలో పెట్టినారు. మీరే దిక్కు."

పక్కన గార్డు గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఆ చూపుకు నిత్యానందానికి ఒళ్లు తెలియలేదు. కాగితం అందుకుని, "ఆల్‌రైట్, మేము చూస్తాము" అని ముక్కుతో పలికి, జేబులో పెట్టుకుని బండి తిప్పేశాడు.

ఇంటికొచ్చి నవ్వుకుంటూ అర్జీ విప్పాడు. సగం చదివేసరికి నవ్వు పోయింది. ముప్ఫై మేకలు. అడవి హద్దు దాటాయని గార్డు తోలుకుపోయాడు. పాలు లేక పిల్లలు అల్లాడుతున్నాయి. నెల తిరిగితే వేలం. మా ముసలిదానికి నాకు ఇవి తప్ప ఇంకేమీ లేవు, ఇట్లు పోలయ్య.

ఆ రోజే వెళ్లి నిజం చెప్పాల్సింది. దొర వేషం వేశావని కేసు పెడతారేమోనని ఊరుకున్నాడు. బండి మీద గోనెపట్టా కప్పేశాడు. అన్నం ముందు కూర్చుంటే ముసలాయన చాచిన చేతులే కనిపించేవి. తనంత నీచుడు తాలూకాలో ఉండడనిపించేది. నెల తిరిగింది. ఇక ఉండబట్టలేక ఇవాళ పట్టా తీశాడు.

గుడిసె పక్కన మేకల దొడ్డి ఖాళీగా ఉంది.

"ఎవరు నాయనా?" అంటూ పోలయ్య భార్య కొండమ్మ బయటికి వచ్చింది.

"అవ్వా, మేకలు... వేలంలో పోయినాయా?"

"ఏంది వేలం? మా ఆయన మేపను తోలుకపోయినాడు. అదిగో, వస్తాండాడు."

ముప్ఫై మేకలూ అరుచుకుంటూ వచ్చాయి. వెనక పోలయ్య. నిత్యానందాన్ని చూశాడు, బండిని చూశాడు, మేకల్ని దొడ్లోకి తోలి తడిక మూశాడు.

"పెద్దయ్యా, మేకల్ని ఎవరు విడిపించినారు?"

"గార్డే. ఆ పొద్దు మాపటికే తెచ్చి అప్పజెప్పినాడు. దొర అర్జీ తీసుకున్యాడు గదా, వానికి వణుకు పుట్టె."

బరువు దిగినట్టే దిగి మళ్లీ మీదపడింది. మేకలు వచ్చాయి సరే, తను చేసింది మాత్రం మోసమే. నిత్యానందం వంగి ముసలాయన కాళ్లు పట్టుకోబోయాడు.

"ఏంది నాయనా ఇది, లెయ్."

"పెద్దయ్యా, నేను దొరను కాను. ఆ బండి మీద వచ్చింది నేనే. నీ దండం తీసుకున్నా, నీ అర్జీ తీసుకున్నా. చదివి గూడా నెల్లాళ్లు దాక్కున్నా. నువ్వు నమ్మి చేతులు జోడిస్తే నేను నిన్ను మోసం చేసినా."

పోలయ్య అతన్ని భుజం పట్టి లేపి అరుగు మీద కూచోబెట్టాడు. కొండమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నిత్యానందం దాన్ని పక్కన పెట్టేశాడు.

"మేకల్ని పట్టింది సోమవారం" అన్నాడు పోలయ్య తాపీగా. "అర్జీ అయ్యవారితో మంగళవారమే రాయిస్తి. ఆదివారం దాకా మడిచి పెట్టుకుంటి."

"ఎందుకు? నిజం దొరల కచ్చేరికే పోవచ్చు గదా?"

"పోతే గేటు కాడ ఈ గార్డే గదా అడ్డం. వాని కండ్ల ముందర ఇయ్యాలనే ఆగితి."

"అయితే ఆదివారం దొర వస్తాడని నమ్మినావు గదా పెద్దయ్యా. నేనెవరో తెలియక నాకు మొక్కినావు."

పోలయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. మీసాల చాటున నవ్వు దాగలేదు.

"నువ్వెవరో తెలియంది గార్డుకొక్కనికే, నిత్యానందం శెట్టీ."