మొదటి రింగుకే

మా అంబులెన్స్ ఆఫీసుకు అడవి ఊర్లోళ్లు మిస్డ్ కాల్ ఇచ్చేటోళ్లు. నంబర్ చూసి ఏ ఊరో గుర్తుపట్టి నేను బండి పంపేదాన్ని.

ఒకనాడు పొద్దున ఫోన్‌కు మిషన్ పెట్టిన్రు. మొదటి రింగుకే ఎత్తి, రికార్డు చేసిన నా గొంతుతో మాట్లాడుతది: "నమస్తే. బండి కావాలంటే ఒకటి నొక్కండి."

సాయంత్రం సారు మురిసిండు. "చూసినవా శ్యామలా, ఒక్క మిస్డ్ కాల్ లేదు."

తెల్లారి చర్ల దిక్కు అడవి ఊరి నుంచి జంపయ్య వచ్చిండు. "నిన్న నా పెండ్లాన్ని మంచం మీద మోసుకొచ్చి రోడ్డు మీద కూసున్నం అక్కా. పొద్దుగూకినంక శవాన్ని ఊరికి మోసినం."

"ఫోన్ చెయ్యకపోతివా?"

"చేసిన. నువ్వే ఎత్తినవ్ గదా. నీ గొంతు వినంగనే, ఇగ బండి వస్తదని పెట్టేసిన."

బల్ల మీది ఫోన్ మోగింది. "నమస్తే" అన్నది నా గొంతు.

జంపయ్య మూసి ఉన్న నా నోటి దిక్కు చూసిండు.