ముహూర్తానికి ట్రాక్టరు

సోదరా, బైబిల్లో జలప్రళయం దాటిన నోవహు ఎప్పుడు తాగాడో తెలుసా నీకు? ఓడ దిగాక! నీళ్ల మీద ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టలేదు.

ఎనభై రెండు ఎండాకాలంలో, తాగి బండి నడిపితే పట్టుకుంటామని జనగామ చుట్టుపక్కల పోలీసులు డప్పు చాటింపు వేయించారు. జగపతి ఇంటి పెళ్లివాళ్లంతా విన్నారు.

"నడిపేటోడు తాగొద్దన్నరు గాని మనల్నొద్దన్నరా?" అని ప్రతివాడూ పక్కవాడి మీద భారం వేసి, అందరూ కల్లు తాగేశారు. పెళ్లికొడుకు ఊరు కొడకండ్లలో ముహూర్తం దగ్గరపడుతోంది. ట్రాక్టరు నడిపే మగాడు ఒక్కడూ లేడు.

జగపతి కూతురు కౌసల్య తలకు తువాల చుట్టి స్టీరింగు పట్టింది. పొలం దున్నిన చెయ్యి అది!

దారిలో పోలీసు ఆపాడు. "ఊదు బిడ్డా."

ఊదింది. వాసన లేదు. వెనక ట్రాలీలో బాబాయిలు, మామలు ఒకరి మీద ఒకరు పడి పాటలు పాడుతున్నారు.

"గీ మొగోళ్లనందర్ని ఏడికి తోల్కపోతున్నవ్?"

"పెండ్లికి సారూ. జర ఇడువున్రి, ముహూర్తం దాటిపోతది."

"మరి పెండ్లిపిల్లేది?"

కౌసల్య తువాల తీసింది. నుదుటి మీద బాసింగం తళుక్కుమంది.

"నేనే సారూ!"

పోలీసు సలాం కొట్టి దారిచ్చాడు.

తండ్రులారా, మీరు తాగుడు ఎప్పుడు మానతారో దేవుడికెరుక. బిడ్డలకు ట్రాక్టరు నడపడం మాత్రం ఈ రోజే, ఈ పూటే నేర్పండి!