బంతి పసుపు, తంగేడు పసుపు

రంగుల దుకాణంలోకి వచ్చేటప్పుడు లక్ష్మీరాజం చేతిలో ఉన్నది ఒక్క పసుపు కొమ్ము. పోయినేడు తను రైతుల దగ్గర కొని పంపిన పసుపును, మహారాష్ట్రలోని సాంగ్లీ సేటు పాలిపోయిందని వాపసు పంపాడు. ఈ ఏడూ అట్లే అయితే మెట్‌పల్లిలో కొట్టు మూసుకోవాల్సిందే.

దుకాణందారు నజీరుద్దీన్ రెండు పసుపు రంగు అట్టలు మళ్లీ ముందుకు జరిపాడు.

"ఇది బంతి, ఇది తంగేడు. నేను నమాజుకు పోయొచ్చిన, నువ్వింకా చూస్తనే ఉన్నవ్ సేటూ. నాకైతే రెండూ ఒక్క తీరే ఉన్నయ్."

"అందుకే నువ్వు రంగులమ్ముతున్నవ్, నేను పసుపమ్ముతున్న."

లక్ష్మీరాజం కొమ్మును బంతి అట్ట మీద పెట్టాడు. జ్వరమొచ్చిన మనిషిలా పాలిపోయింది. తంగేడు మీద పెట్టాడు. బంగారంలా మెరిసింది.

"ఏది కట్టమంటవ్?"

"రెండూ."

"ఒక్క గదికి రెండు రంగులా?"

లక్ష్మీరాజం గొంతు తగ్గించాడు. "గదులు రెండు, నజీర్ భాయ్. ముందు గదిల రైతుల కాడ కొంట. బంతి ఏస్తే సరుకు పాలిపోయినట్టు కొడ్తది, ధర దిగుతది. ఎనుక గదిల సాంగ్లోళ్లకు అమ్ముత. ఆడ తంగేడు ఏస్తే..."

"తౌబా! గోడలతోని గూడ బేరం చేపిస్తున్నవా!"

ముందు గదికి బంతి, వెనుక గదికి తంగేడు అని లక్ష్మీరాజం ఒకటికి రెండుసార్లు చెప్పి, రంగులేసే హనుమండ్లుకు డబ్బాలు అప్పజెప్పాడు. హనుమండ్లు తలూపాడు.

గోడలకు రంగు ఆరేసరికే పసుపు సీజను మొదలైంది; వాటిని తేరిపార చూసే తీరిక లక్ష్మీరాజానికి దొరకలేదు. ముందుగా పసుపు పండించే నాగవ్వ వచ్చి ముందు గదిలో సంచి విప్పింది. లక్ష్మీరాజం ఒక కొమ్ము తీసి గోడకు ఆనించాడు. ధగధగ మెరిసింది. అతను మనసులో లెక్క కట్టుకున్నాడు: పాలిపోయేలా చేసే గోడ మీదే ఇంత మెరిస్తే, వెనుక గదిలో ఇంకెంత మెరవాలి!

"ధర చెప్పు సావుకారీ. పోయినసారి లెక్కనే తిట్టుకుంట కొంటవా?"

"లేదవ్వా. పక్కోడిచ్చేదాని కంటె క్వింటాలుకు ఐదువందలు ఎక్కువిస్త. ఇంకెవ్వరికీ చూపియ్యకు."

నాగవ్వ అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "పాణం మంచిగున్నదా బిడ్డా?"

ఆమె వెనుకే ఊరంతా వచ్చింది. ఎవరి కొమ్ము పెట్టినా మెరిసింది. అందరిదీ కొన్నాడు.

సాంగ్లీ సేటు వచ్చాడు. వెనుక గదిలో కొమ్మును గోడకు ఆనించి మొహం చిట్లించాడు.

"కాయ్ హే? పోయినేటి కంటె అధ్వాన్నం!"

లక్ష్మీరాజం కొన్న ధరలో సగం కూడా చెప్పకుండా లేచిపోయాడు. చివరికి లెక్క ఇట్లా తేలింది: నాగవ్వ ఇంటికి కొత్త రేకులు, లక్ష్మీరాజానికి గదినిండా అమ్ముడుపోని పసుపు.

అతను కొమ్ము పట్టుకుని రెండు గదుల మధ్య పరుగెత్తాడు. ముందు గదిలో బంగారం, వెనుక గదిలో జ్వరం. సరిగ్గా అప్పుడే మిగిలిన కూలి కోసం హనుమండ్లు వచ్చాడు.

"ఏయ్, ముందు గదికి ఏ డబ్బా ఏసినవ్‌రా?"

హనుమండ్లు గోడను చూశాడు. లక్ష్మీరాజం చేతిలోని కొమ్మును చూశాడు.

"ఏదైతేంది సేటూ, రెండూ పసుపే గద!"